రెండో చరణం దాకా

మా ఆయన ఇంద్రసేన పాటలు వింటాడని చిక్కడపల్లిలో అందరూ అనుకుంటారు. పచ్చి అబద్ధం. మా ఆయన పాటలు వినడు, పాటలు పెడతాడు. పెట్టి, ఆపి, లేచి, ఒక తీగ పీకి, ఇంకో తీగ తగిలించి, మళ్ళీ మొదటి నుంచి పెడతాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ఇంట్లో ఒక పాట మొదలై, దాని మానాన అది నడిచి, చివరికంటా వెళ్ళి ముగిసిందని ఎవరైనా చూపిస్తే వాళ్ళకు దండం పెడతాను.

బయట చూస్తే ఎంత మెత్తని మనిషో. సహకార బ్యాంకులో గుమస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాడు. ఒకరిని ఒక మాట అన్న పాపాన పోలేదు. కూరగాయల మార్కెట్లో కొత్తిమీర కొసరడగడానికి కూడా మొహమాటం, ఆ పని నాతో చేయిస్తాడు. ఇంట్లో మాత్రం హాలంతా ఆయన రాజ్యం. కిటికీ వైపు గోడకు రెండు నిలువెత్తు స్పీకర్లు, వాటి మధ్య బల్ల మీద పెట్టెలు, వాటికి ఎదురుగా సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదు. అక్కడ కూర్చుంటేనే రెండు వైపుల శబ్దమూ సరిగ్గా కలుస్తుందట. చుట్టాలొస్తే గోడ వారగా స్టూళ్ళ మీద కూర్చుని టీ తాగి వెళ్తారు. అదేం మర్యాదో ఆయనకే తెలియాలి.

సరే, పిచ్చి ఎవరికి లేదు. నా కడుపుమంట అది కాదు. ఆయన రోజూ పెట్టి ఆపేసే పాట నాది.

పెళ్ళయిన కొత్తలో గానసభ చిన్న హాల్లో నేనొక లలిత గీతం పాడాను. మా టీచర్ సరిత గారు కట్టిన వరుస. పల్లవి, రెండు చరణాలు. రెండో చరణంలో గొంతు పై స్థాయికి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, మెల్లగా దిగాలి. ఆ దిగడం కోసం ఎన్ని పొద్దులు సాధన చేశానో నాకు తెలుసు, మా టీచర్‌కు తెలుసు. ఆ రోజు అది కుదిరింది. అంతకు ముందు ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. హాలంతా చప్పట్లు. నేను మాత్రం మొదటి వరుసలో ఉన్న మా ఆయన వైపు చూశాను. ఆయన టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, దాని మీద కొట్టుకునే ముల్లునే చూస్తున్నాడు. ఇంటికి నడిచి వస్తూ ఉండబట్టలేక అడిగాను. "ఎట్లుంది?"

"లెవెల్స్ మంచిగ వచ్చినయ్" అన్నాడు.

అదే మొదలు. తరువాత అత్తగారి అనారోగ్యం, మా సంయుక్త పుట్టడం, ఇల్లు, సంసారం. మళ్ళీ సభలో పాడింది లేదు. మిగిలింది ఆ రికార్డింగ్ ఒక్కటే. క్యాసెట్టు బూజు పట్టకముందే సంయుక్త దాన్ని డిస్క్ మీదికి ఎక్కించింది. నా ఫోన్‌లో కూడా వేసింది. కావాలంటే నేను పొద్దస్తమానం చెవిలో పెట్టుకుని వినొచ్చు. నేను వినడం కాదమ్మా, ఆయన వినాలి. ఒక్కసారి, రెండో చరణం దాకా, తల పైకెత్తి. నేనడిగింది వడ్డాణం కాదు కదా!

ఎందుకు వినడంటే, మొదటి చరణం చివర తబలా ఎడమది గుమ్మని మోగుతుంది. సరిగ్గా అక్కడ జ్‌ర్‌ర్ మని ఒక జీర తగులుతుంది. చూడండి, నేను అబద్ధం చెప్పను. ఆ జీర నాకూ వినబడుతుంది. అది వినబడగానే ఆయన "అదిగో!" అని రిమోట్ నొక్కేస్తాడు. పాట చచ్చిపోతుంది. ఆ జీర పోగొట్టడానికి ఈ మనిషి చేయని పని లేదు.

ముందు తీగలు మార్చాడు. గుడ్డ అల్లిన లావుపాటి తీగలు తెచ్చాడు. అవి నేలకు తగలకూడదట, చెక్క దిమ్మెల మీద నడిపించాడు. ఇల్లు ఊడ్చేటప్పుడు నేను వాటి మీదుగా గంతులెయ్యాలి. తీగ కొత్తదైతే వెంటనే పలకదట, పండాలట. పండడానికి మేము ఇంట్లో లేనప్పుడు కూడా స్పీకర్లలో బుస్సుమని ఒకటే హోరు. పక్కింటి మాధురి వచ్చి, "అక్కా, మీ ఇంట్ల నల్లా బంద్ చెయ్యలేదనుకుంట" అని చెప్పి వెళ్ళింది. ఆ తరువాత పెట్టెల కింద నల్లరాతి పలకలు. ఆ తరువాత ప్లగ్గు తిప్పి పెట్టడం. ప్రతిసారీ అదే పిలుపు.

"మనోరమా, జర వచ్చి విను. నీ చెవులు మంచివి."

చేతికి పిండితో వచ్చి గుమ్మంలో నిలబడేదాన్ని. పల్లవి, మొదటి చరణం, గుమ్, జ్‌ర్‌ర్, క్లిక్.

"ఏమన్న ఫరక్ తెలిసిందా?"

"నాకేం తెల్వలే."

"మనసు తెరిచి వినాలె. నువ్వు ముందే లేదనుకుంటున్నవ్."

"మనసు తెరిచే విన్న. చెయ్యి మాత్రం పిండిల ఉన్నది. పోవాల్నా, ఉండాల్నా?"

ఉందని ఒక్కమాట అంటే నా పీడ వదులుతుంది, నాకు తెలుసు. కానీ నోరు రాదు. సంగీతం నేర్చుకున్న దాన్ని, లేని దాన్ని ఉందని ఎలా అంటాను? ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళి మళ్ళీ తీగల దగ్గర కూర్చునేవాడు.

పోయిన ఎండాకాలం అపార్ట్‌మెంట్ వెనక గొయ్యి తవ్వించాడు. పాటల పెట్టెలకు వేరే ఎర్తింగ్ కావాలట. మా వాచ్‌మన్ ఆశన్న, పాలమూరు మనిషి, నోరెత్తకుండా తవ్వాడు. అందులో ఉప్పు, బొగ్గు, రాగి రేకు వేసి పూడ్చారు. రోజూ నీళ్ళు పొయ్యాలి. ఆశన్న భార్య బీరమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, ఉప్పు బొగ్గు పెట్టి ఏం పాతిన్రమ్మా? ఎవరికన్న చేసిన్రా ఏంది?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాటకు నీళ్ళు పోస్తున్నామని చెబితే నమ్ముతుందా!

ఇది చాలక ఉదయ్ కుమార్ గారొకరు. ఈయన స్నేహితుడు, కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఉండేది అశోక్‌నగర్‌లో, కోచింగ్ పిల్లలకు గదులు కిరాయికిస్తాడు. రోజూ సాయంత్రం నడకకొచ్చి మా ఇంట్లో టీ తాగుతూ ఈయనతో కొట్లాడి వెళ్తాడు.

"తీగ అంటే తీగనే ఇంద్రసేనా. దాంట్ల పండుడేంది, మామిడికాయా? పండిందనుకుంటున్నవ్ గాబట్టి నీకట్ల అనిపిస్తున్నది. ఆ జీర నీ రికార్డింగ్‌లనే ఉన్నది. నువ్వు బంగారు తీగ పెట్టినా పోదు."

తీగల పిచ్చిని కాదనే మనిషి దొరికాడని నాకు ప్రాణం లేచొచ్చింది. "లేదన్నా, రికార్డింగ్‌ల లేదు. నా ఫోన్‌ల ఈ జీర రాదు. కావల్నంటే వినుండ్రి" అని ఫోన్ ఇవ్వబోయాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వినుడెందుకు వదినే? సైన్సు తెలిసినోళ్ళకు వినే పని లేదు."

మా ఆయన అటు నుంచి అందుకున్నాడు. "ఫోన్‌ల ఎట్ల వస్తది? ఫోన్‌కు అంత తాహతేది?"

విన్నారా! ఒకాయన వినకుండానే ఫరక్ లేదంటాడు, ఇంకొకాయన వినకముందే ఉందంటాడు. ఇద్దరికీ పాటతో పని లేదు. వాళ్ళకు టీలు పెట్టలేక నా నడుము పోయింది.

వానాకాలంలో ఒక విచిత్రం జరిగింది. ముసురు పట్టి బట్టలారక, బొంతలన్నీ హాల్లో తాడు కట్టి ఆరేశాను. ఈయన అలవాటుగా పాట పెట్టాడు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. నా గొంతు దగ్గరికొచ్చినట్లుంది. గోడలకు కొట్టుకుని వచ్చే గలగల లేదు. జీర ఉంది, అది పోలేదు, కానీ మిగతాదంతా మెత్తబడింది.

"ఫరక్ ఉన్నది" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు కదా, పాపం కళ్ళు చెమర్చాయి. నాకే బాధనిపించింది. మర్నాడు ఎండ కాసింది. బొంతలు తీద్దామని వెళ్తే తాడుకు అడ్డం నిలబడ్డాడు. "ఇవి ఇట్లనే ఉండనీ" అన్నాడు. ఆ తరువాత చాలా కాలం మా హాలు ధోబీఘాట్. చుట్టాలు బొంతల సందులోంచి తల పెట్టి పలకరించేవారు. నిజం చెప్పినందుకు నాకు దక్కింది అదీ.

ఒకనాడు దోసెల పిండి కోసం ఫ్రిజ్ తెరిస్తే, పైన మంచు గూట్లో, అల్లంవెల్లుల్లి డబ్బా పక్కన, ప్లాస్టిక్ సంచిలో చుట్టి నా పాట డిస్క్. గడ్డకట్టి ఉంది. ఎక్కడో చదివాడట, డిస్క్‌ను మంచులో పెట్టి తీస్తే శబ్దం తేటపడుతుందని.

"మీకేమన్న దిమాక్ ఉన్నదా?" అని అరిచాను. నా అరుపుకి మాధురి తలుపు తీసి చూసింది. "అది పగిలితే ఏం చేస్తరు? నా పాటను చేప ముక్క లెక్క మంచుల పెడతరా?"

"ఏం కాదు మనోరమా. కరిగినాంక జర తుడుస్తె అయిపాయె."

ఆ పూట నేను అన్నం తినలేదు. ఆయన తిన్నాడు. పైగా తుడిచిన డిస్క్ పెట్టి, వచ్చి వినమని పిలిచాడు. వెళ్ళలేదు.

ఇక బీరువా సంగతి. హాల్లో నైరుతి మూల మా అత్తగారి ఇనుప బీరువా ఉంటుంది. నిలువుటద్దం, గుండ్రటి పిడి, లోపల నా చీరలు. ఇల్లు కొన్నప్పుడు వాస్తు చూసిన పెద్దమనిషి బరువు ఆ మూలనే ఉండాలన్నాడట, అత్తగారు అక్కడ పెట్టించింది. ఆమె పోయినా బీరువా కదలలేదు. సున్నాలప్పుడు కూడా దాని వెనక గోడకు సున్నం వెయ్యలేదు.

దసరా ముందు ఒక పొద్దున, పేరంటానికి చీర తీద్దామని బీరువా తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఈయన అప్పుడే ఏదో కొత్త తీగ తగిలించి కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. పల్లవి, మొదటి చరణం, గుమ్. నా అరచెయ్యి జివ్వుమంది. తలుపు వణుకుతోంది. జ్‌ర్‌ర్. ఆ జీర వచ్చింది స్పీకర్లోంచి కాదు, నా చేతి కింది నుంచి!

ఆయన ఆపి మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి నేను భుజం ఆనించి తలుపును గట్టిగా నొక్కి పట్టుకున్నాను. గుమ్. అంతే, జీర లేదు.

"పండింది!" ఆయన కేక వేశాడు. "తీగ పండింది మనోరమా!"

ఏమీ తెలియనట్లు పక్కకు జరిగాను. "మల్లొకసారి పెట్టుండ్రి."

పెట్టాడు. గుమ్, జ్‌ర్‌ర్. మొహం వాడిపోయింది. "ఇంకా పూర్తిగ పండలె."

"పండుడు లేదు, ఎండుడు లేదు. బీరువా మోగుతున్నది. తలుపు వదులైంది. దాన్ని లోపలి గదిల పెడ్తె ఈ లొల్లే ఉండది."

ఆయన నన్ను వింతగా చూశాడు. "బీరువకు పాటకు ఏం సంబంధం?"

"ఇటొచ్చి చెయ్యి పెట్టి చూడుండ్రి."

"నువ్వు బీరువా అనుకుంటున్నవ్ గాబట్టి నీకట్ల అనిపిస్తున్నది" అన్నాడు. "అయినా నైరుతి ఖాళీ చేస్తరా ఎవరన్న? అమ్మ పెట్టిన జాగ."

ఉప్పుబొగ్గుల గొయ్యి నమ్మాడు, మంచు నమ్మాడు, ప్లగ్గు తిప్పితే గొంతు మారుతుందని నమ్మాడు. కట్టుకున్న పెళ్ళాం చెయ్యి పెట్టి చూడమంటే చెయ్యి పెట్టడు. పైగా ఉదయ్ కుమార్ గారు ఈయనను ఏ మాటతో దెప్పుతాడో అదే మాట తెచ్చి నా మొహాన కొట్టాడు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. చీర తియ్యకుండానే, ఇంట్లో కట్టిన చీరతోనే పేరంటానికి వెళ్ళాను.

ఆదివారం ఆయన నారాయణగూడ వెళ్తాడు. ఇలాంటి వాళ్ళంతా ఒకరింట్లో చేరి, ఒకరి తీగలకు ఒకరు తలలూపుకుంటారు. ఆయన మెట్లు దిగగానే నేను ఆశన్ననూ బీరమ్మనూ పిలిచాను. చీరలన్నీ మంచం మీద పోశాను.

"అమ్మా, సారుకు ఎరుకేనా?" ఆశన్న బీరువా మీద చెయ్యి వెయ్యకుండానే అడిగాడు.

"సారుకు చెవులున్నయ్ గద. ఎరుకైతది."

నాకు భయం లేదని కాదు. అత్తగారి వస్తువు, నైరుతి మూల, ఏమన్నా జరిగితే జన్మంతా నన్నే అంటారు. దేవుడి దగ్గర దీపం పెట్టి దండం పెట్టుకుని, "ఊ, పట్టుండ్రి" అన్నాను. ముగ్గురం కలిసి తోసి లోపలి గదికి చేర్చాం. హాల్లో అది నిలబడ్డ చోట నేల మీద చదరపు మచ్చ, గోడకు పాత సున్నం మిగిలాయి.

మధ్యాహ్నం ఆయన చేతిలో చిన్న పొట్లంతో వచ్చాడు. అదేదో చెక్క మేకులట, పెట్టెల కింద పెట్టడానికి. చెప్పులు విప్పుతూ మూల వైపు చూశాడు. పొట్లం కింద పడింది.

"ఏం పని చేసినవ్ ఇది? ఎవరినడిగి చేసినవ్? అమ్మ ఉంటే..."

"అమ్మ ఉంటే ఆమెకు నేనే జవాబు చెప్పుకుంటుంటి. ముందు పాట పెట్టుండ్రి."

"పాట లేదు, ఏం లేదు! ఆశన్నను పిలువు, పాత జాగల పెట్టించు!"

"పెట్టిస్త. పాట పెట్టుండ్రి. జీర వస్తె, నా చేతుల్తోని నేనే తోసుకొచ్చి పెడ్త."

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు పెంచాడు. నేనూ తగ్గలేదు. చివరికి విసురుగా రిమోట్ అందుకున్నాడు, కుర్చీలో కూర్చోకుండా నిలబడే నొక్కాడు.

పల్లవి అయింది. మొదటి చరణం నడుస్తోంది. ఆయన వేలు అలవాటుగా ఆపే మీట మీదికి వెళ్ళింది. గుమ్. నున్నగా, నిండుగా, అంతే. వేలు అలాగే ఉండిపోయింది, ఆపడానికి కారణం దొరకలేదు. తబలా ముందుకు వెళ్ళిపోయింది, వయొలిన్ వచ్చింది, రెండో చరణం ఎత్తుకున్నాను.

నేను పాట వినలేదు, ఆయన మొహమే చూస్తున్నాను. సభలో కూడా అంత భయపడలేదు. గొంతు పైకెక్కింది. నిలబడింది. దిగింది. ఆయన తల ఎత్తే ఉంది. చప్పట్లు వచ్చాయి, ఎవరో దగ్గారు, పాట ముగిసింది. మా ఇంట్లో పాట ముగిసింది!

"తబలా చూసినవా మనోరమా, ఎంత సాఫ్‌గ వచ్చిందో" అన్నాడు మెల్లగా. "నిజమే. బీరువానే."

"తబలా సంగతి కాదు. పాట ఎట్లుంది?"

"పాటనా?" అడగకూడనిది అడిగినట్లు చూశాడు. "పాటల ఏమున్నది? నీ గొంతు ఎప్పుడూ మంచిగనే ఉన్నది. దాంట్ల ఏం లోపం లేదు గద. లోపం ఉన్న కాడికే నేను చూస్తుంటి."

ఇన్నేళ్ళూ నేను ఎదురు చూసిన మాట ఇలా వచ్చింది, కుళాయి బాగుచేసినవాడు చెప్పినట్లు. ఆ రిమోట్ తీసి నెత్తిన వెయ్యాలనిపించింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఏది ముందో నాకు తెలియదు.

"లోపం లేకుంటె వినొద్దా?" అన్నాను. "లోపం లేనందుకేనా నన్ను ఇన్నేండ్ల నుంచి సగంల ఆపుతున్నరు?"

ఆయన మూల వైపు చూశాడు, స్పీకర్ల వైపు చూశాడు, చూపు పెట్టుకునే చోటు దొరకనట్లు.

"రిమోట్ ఇటియ్యుండ్రి" అన్నాను. ఇచ్చాడు. నేను వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను, పెళ్ళయ్యాక మొదటిసారి. "మీరు ఆ స్టూల్ మీద కూసోండ్రి."

కూర్చున్నాడు. మొదటి నుంచి పెట్టాను. పల్లవి సగంలో ఉండగా ఆయన చెయ్యి లేచింది. "వాల్యూం జర..."

"నోరు మూసుకొని వినుండ్రి."

చెయ్యి దింపాడు. రెండో చరణం మొదలైంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఇద్దరం లేవలేదు.